పాత బండికి వేరే మోడల్ వెనక చక్రం: కొలతలు, స్పేసర్లు, చైను లైను

బండి 125 సీసీ తరగతిది, పాతది. వెనక 18 అంగుళాల పుల్లల చక్రం, 110 మి.మీ. డ్రమ్ము, 12 మి.మీ. యాక్సిల్, 3.00-18 టైరు. రిమ్మును లోపలి నుంచి తుప్పు తినేసింది. నిపుల్స్ (పుల్లలను రిమ్ముకు బిగించే చిన్న నట్టులు) తిరగడం మానేశాయి. హబ్బులో బేరింగు సీటు అరిగి, కొత్త బేరింగు చేత్తో నొక్కితే చాలు కూర్చునే స్థితికి వచ్చింది. రిమ్ము ఒక్కటే పోయుంటే కొత్త రిమ్ము అల్లించి ఊరుకునేవాణ్ని. హబ్బు కూడా పోయాక వేరే మోడల్ చక్రం తప్ప దారి లేదు. ఎక్కించింది 17 అంగుళాల అల్లాయ్ చక్రం: రిమ్ము వెడల్పు 2.15 అంగుళాలు, 130 మి.మీ. డ్రమ్ము, 15 మి.మీ. యాక్సిల్, 100/90-17 టైరు.

స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగే చేయి) మధ్యలో చక్రం దూర్చడం కష్టమేమీ కాదు. స్పేసర్లు (యాక్సిల్ మీద ఖాళీ నింపే గొట్టం ముక్కలు) కోసుకుంటూ పోతే ఏ చక్రమైనా దూరుతుంది. కానీ రిమ్ము నడిమి గీత ఫ్రేము నడిమి గీత మీదికి రావాలి, వెనక స్ప్రాకెట్టు (చైను నడిచే పళ్ల చక్రం) ముందు స్ప్రాకెట్టుకు తిన్నగా రావాలి (చైను లైను అంటే ఇదే), బ్రేకు ప్లేటు (షూలు బిగించి ఉండే డ్రమ్ము మూత) తిరిగిపోకుండా పట్టి ఉంచే ఆధారం ఉండాలి. ఈ మూడింట్లో దేన్ని ముందు తేల్చుకోవాలో తెలియక మొదలుపెడితే ఒకటి సరిచేసినప్పుడల్లా ఇంకోటి చెడుతుంది.

ఏ చక్రం తీసుకోవాలి

డ్రమ్ము బండికి డ్రమ్ము చక్రమే చూసుకోవడం మేలు. డిస్కు చక్రం తెస్తే కాలిపర్ బ్రాకెట్టు, వెనక మాస్టర్ సిలిండర్‌కు చోటు, ట్యాంకు, పైపు, పెడల్ మార్పు అన్నీ కొత్తగా కట్టుకోవాలి. చక్రం పని కాస్తా బ్రేకు పని అయిపోతుంది. చైను ఏ వైపు, డ్రమ్ము ఏ వైపు అన్నది కూడా రెండు బండ్లకూ ఒకటే కావాలి. చైను సైజు కూడా కలిస్తే మంచిది. 428 చైను పిచ్ 12.7 మి.మీ., 520ది 15.875 మి.మీ. ఆ స్ప్రాకెట్టు మీద ఈ చైను ఎట్లా పెట్టినా కూర్చోదు. చక్రం 520ది అయితే 428 పళ్లతో, అదే బోల్టు వలయంతో స్ప్రాకెట్టు చేయించాల్సి వస్తుంది.

కొనేటప్పుడు ఒట్టి చక్రం కొనకండి. బ్రేకు ప్లేటు షూలతో సహా, బ్రేకు ఆర్మ్, టార్కు రాడ్డు (బ్రేకు ప్లేటును తిరగకుండా పట్టేది), స్ప్రాకెట్టు క్యారియర్ (హబ్బు పక్కన స్ప్రాకెట్టును మోసే భాగం), దాని లోపలి డంపరు రబ్బర్లు, రెండు వైపుల స్పేసర్లు, యాక్సిల్, రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం, అన్నీ ఒకే బండివి తీసుకోవాలి. యాక్సిల్ ఈ బండిలో వాడకపోయినా అది కావాలి. హబ్బును దాని మీద పేర్చి కొలిస్తేనే లెక్క సరిగ్గా తెలుస్తుంది. పాత స్పేసర్లు కొత్తవాటికి నమూనా. ముఖ్యంగా సీలు పెదవి రాసుకునే చోట వాటి బయటి వ్యాసం ఎంతో తెలుసుకోవాలి.

చక్రాన్ని అక్కడే తిప్పి చూడాలి. యాక్సిల్‌ను రెండు చేతులతో పట్టుకుని తిప్పుతూ, రిమ్ము అంచు దగ్గర ఒక పుల్ల నిలిపి ఊపు చూడండి. పక్కకు గానీ పైకీ కిందకీ గానీ 2 మి.మీ. దాటకూడదని చాలా సర్వీసు పుస్తకాలు చెబుతాయి. పుల్లల చక్రానికి ఆ ఊపు తీయొచ్చు, అల్లాయ్‌కు తీయలేం. వేడి చేసి కొట్టి సరిచేసిన అల్లాయ్ నాకు వద్దు. ఊచలు రిమ్మును కలిసే మూలల్లో రంగు పగిలి సన్నటి గీత కనబడితే అక్కడే వదిలేసి రావాలి. డ్రమ్ము లోపల అంచున గట్టు ఎంత లేచిందో వేలితో తడిమి చూడండి. గరిష్ఠ వ్యాసం చాలా హబ్బుల మీద పోత అక్షరాల్లో ఉంటుంది. సాధారణంగా అసలు వ్యాసం కన్నా 1 మి.మీ. ఎక్కువ వరకే ఒప్పుకుంటారు.

కొలతలు తీసే వరస

పాత చక్రం విప్పకముందే కొన్ని కొలతలు తీయాలి. విప్పాక అవి మళ్లీ దొరకవు. రెండు చక్రాల పక్కన తిన్నటి అల్యూమినియం పైపు ఆనించి పాత చక్రం ముందు చక్రానికి తిన్నగా ఉందో లేదో చూడండి. పాత బండ్లలో స్వింగ్ ఆర్మ్ వంగి ఉండడం అరుదేమీ కాదు. వంగినదానికి కొత్త చక్రం కుదర్చాలని చూస్తే కొలతలన్నీ అబద్ధం చెబుతాయి. ఆ తర్వాత ముందు స్ప్రాకెట్టు పళ్ల నడిమి నుంచి ఫ్రేము నడిమి గీతకు దూరం తీయాలి. ఈ బండిలో అది 61.5 మి.మీ. నడిమి గీతను స్వింగ్ ఆర్మ్ పైవట్ గొట్టం పొడవులో సగంగా తీసుకుంటే చాలా బండ్లకు సరిపోతుంది. అయినా సీటు కింద పట్టీల మధ్య దారం లాగి ఒకసారి సరిచూసుకోవాలి. కొన్ని బండ్లలో పైవట్ గొట్టమే ఒక పక్కకు జరిగి ఉంటుంది.

స్వింగ్ ఆర్మ్ చెవుల (యాక్సిల్ దూరే కొనల) లోపలి ముఖాల మధ్య దూరం 180 మి.మీ., నడిమి గీత నుంచి అటు 90, ఇటు 90. చక్రం వచ్చిన బండిలో ఈ గ్యాపు 187.

ఇప్పుడు కొత్త చక్రం. దాని సొంత యాక్సిల్ మీద బయటి స్పేసర్లు తీసేసి మిగతావన్నీ పేర్చి నట్టు బిగించాలి. రిమ్ము రెండు అంచుల నుంచి కొలిచి నడిమి గీత పట్టాలి. ఆ గీత నుంచి బ్రేకు ప్లేటు మధ్య బాస్ (యాక్సిల్ దూరే మందపాటి దిమ్మ) బయటి ముఖానికి 76 మి.మీ., అవతల క్యారియర్ బేరింగు లోపలి రింగు బయటి ముఖానికి 66, స్ప్రాకెట్టు పళ్ల నడిమికి 64.5 వచ్చాయి.

లెక్క ఇక్కడ తేలుతుంది. రిమ్ము నడిమికి రావాలంటే బ్రేకు వైపు స్పేసరు 90 లోంచి 76 పోగా 14 మి.మీ., చైను వైపు 90 లోంచి 66 పోగా 24 మి.మీ. ఇవి పెడితే రిమ్ము నడిమికి వచ్చేస్తుంది. కానీ స్ప్రాకెట్టు 64.5 దగ్గర ఉంటుంది, ఉండాల్సింది 61.5 దగ్గర. 3 మి.మీ. బయటికి ఉంది.

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. చైను లైను కలవడం లేదని స్పేసర్లను 3 మి.మీ. అటూ ఇటూ మారుస్తారు. చైను కలుస్తుంది, చక్రం మొత్తం బ్రేకు వైపుకు 3 మి.మీ. జరుగుతుంది. అల్లాయ్ చక్రంలో రిమ్ముకూ స్ప్రాకెట్టుకూ మధ్య దూరం పోతలోనే ఖాయమైపోయింది, స్పేసర్లు ఆ దూరాన్ని మార్చలేవు. కాబట్టి అల్లాయ్ అయితే స్పేసర్లతో రిమ్మును నడిమికి తేవాలి, స్ప్రాకెట్టును క్యారియర్ ముఖం దగ్గర సర్దాలి. పుల్లల చక్రానికి ఇది తలకిందులు. స్పేసర్లతో స్ప్రాకెట్టును చైను లైనుకు తెచ్చి, ఆ తర్వాత ఒక వైపు పుల్లలు వదులు చేసి రెండో వైపు బిగిస్తూ రిమ్మును నడిమికి లాక్కోవచ్చు. నాలుగైదు మిల్లీమీటర్లు సులువుగా లాగొచ్చు. అంతకు మించితే కొత్త పొడవు పుల్లలు కొనాలి.

స్ప్రాకెట్టును లోపలికి తెచ్చేది

బయటికి జరపాల్సి వస్తే పని తేలిక, స్ప్రాకెట్టు కింద మందపాటి ఉక్కు రింగు పెడతాం. లోపలికి తేవాలంటే క్యారియర్ ముఖాన్ని లేతు మీద 3 మి.మీ. తీయించాలి. ముందు చూడాల్సింది అక్కడ లోహం మందం. ఈ క్యారియర్ స్టడ్డుల చుట్టూ 10 మి.మీ. ఉంది, 7 మిగిలింది. మిగిలేది 6 కన్నా తక్కువైతే ముఖం జోలికి పోకుండా వంపు పెట్టిన స్ప్రాకెట్టు చేయించుకోవడమే మంచిది. ఇంజను వైపు స్ప్రాకెట్టును 3 మి.మీ. బయటికి తేవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. స్ప్లైన్ (ఇరుసు మీది పళ్ల గాడులు) మీద తాళం ప్లేటుతో కూర్చునే రకానికి అది కుదరదు, తాళం గాడి ఉన్న చోటే ఉంటుంది.

టర్నరుకు చెప్పాల్సిన మాటలు రెండు. స్ప్రాకెట్టు మధ్య రంధ్రాన్ని పట్టుకునే గుండ్రటి గట్టు వ్యాసాన్ని ముట్టుకోవద్దు, స్ప్రాకెట్టు నడిమిలో కూర్చునేది దాని వల్లే, బోల్టుల వల్ల కాదు. రెండోది, క్యారియర్‌ను లేతులో బేరింగు సీటు ఆధారంగా పట్టుకోవాలి. బయటి అంచు పోతముఖం, దాన్ని పట్టుకుంటే ముఖం ఒరిగి వస్తుంది, చైను ప్రతి చుట్టుకూ అటూ ఇటూ ఊగుతుంది.

ముఖం తీసిన తర్వాత స్టడ్డుల మర ఎక్కడ మొదలవుతుందో చూడండి. స్ప్రాకెట్టు 3 మి.మీ. లోపలికి పోయింది కాబట్టి స్టడ్డు నున్నటి భాగం ఇప్పుడు స్ప్రాకెట్టు పైకి పొడుచుకొస్తుంది. నట్టు ఆ భాగానికి తగిలి ఆగిపోతుంది. స్పానరుకు గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, స్ప్రాకెట్టు మాత్రం వదులుగా ఉంటుంది. గట్టిపరచిన ఉక్కు వాషర్లు 3 మి.మీ. మందంవి వేసి, ఆ మీద తాళం రేకులు మడవాలి.

టైరు విషయం ఇక్కడే తెగుతుంది

స్ప్రాకెట్టు లోపలికి వస్తే చైను టైరుకు దగ్గరవుతుంది. 428 చైను మొత్తం వెడల్పు దాదాపు 18 మి.మీ., సగం 9. చైను లోపలి అంచు నడిమి గీతకు 61.5 లోంచి 9 పోగా 52.5 దూరంలో ఉంటుంది. 100/90 టైరు సగం వెడల్పు 50. మిగిలేది 2.5 మి.మీ. వేగంలో టైరు కొంచెం ఉబ్బుతుంది, చైను పక్కకు కొట్టుకుంటుంది, స్వింగ్ ఆర్మ్ బుష్‌లలో ఆట ఉంటుంది. ఆ 2.5 చాలదు. కనీసం 5 ఉండాలి. చక్రం సొంత బండిలో స్ప్రాకెట్టు 64.5 దగ్గర ఉన్నప్పుడు ఆ ఖాళీ 5.5 ఉండేది, కంపెనీ ఆ లెక్క చూసుకునే చేసింది.

అందుకే 90/90-17 వేశాను. సగం 45, ఖాళీ 7.5. వెడల్పు టైరు మీద మోజుతో చక్రం మార్చేవాళ్లు ఈ లెక్కను ముందే వేసుకోవాలి. చైను లైనే టైరు వెడల్పుకు హద్దు గీస్తుంది, రిమ్ము ఎంత పట్టినా సరే. 2.15 రిమ్ముకు 90/90 సరైన జోడీ. టైరు మీద బరువు సంఖ్య కూడా చూడాలి: 47 అంటే 175 కిలోలు, 49 అంటే 185, 52 అంటే 200. పాత టైరు మీద ఉన్న సంఖ్య కన్నా తక్కువది వేయకూడదు. రిమ్ము మీద ట్యూబ్‌లెస్ అన్న గుర్తు లేకపోతే ట్యూబు వేయాల్సిందే. రిమ్ము లోపల టైరు అంచును ఆపే చిన్న గట్టు లేకుండా గాలి నిలిచినా, గాలి తగ్గిన రోజు మలుపులో టైరు అంచు జారుతుంది.

12 మి.మీ. యాక్సిల్, 15 మి.మీ. బేరింగు

స్వింగ్ ఆర్మ్ గాడి 12 మి.మీ. యాక్సిల్‌ది. గాడిని ఆకురాయితో 15కు పెంచడం మామూలుగా అందరూ చేసే పని, నేను ఒప్పుకోను. చెవి పైనా కిందా లోహం 1.5 మి.మీ. చొప్పున పోతుంది, చైను టెన్షను బోల్టులు కూడా 15కు సరిపోవు. 15 మి.మీ. యాక్సిల్ చివర్లు చదును చేసి 12 గాడిలో దింపుదామంటే, గాడి వెనక మూసి ఉన్న స్వింగ్ ఆర్మ్‌లో అది పక్క నుంచి దూరదు.

బేరింగు మార్చి గట్టెక్కొచ్చా అన్నది ముందు చూడాలి. బయటి వ్యాసం ఒకటే ఉండి లోపలి రంధ్రం వేరుగా ఉన్న జతలు కొన్ని ఉన్నాయి. 6204 అంటే 20×47×14 (లోపలి రంధ్రం, బయటి వ్యాసం, మందం), 6303 అంటే 17×47×14, మందం కూడా ఒకటే. తీసి పెట్టడమే పని. 6002 (15×32×9) చోట 6201 (12×32×10) కూర్చుంటుంది, 1 మి.మీ. మందం ఎక్కువ. 6003 (17×35×10), 6202 (15×35×11) కూడా అలాంటి జతే. 6004 (20×42×12) చోట 6302 (15×42×13) వస్తుంది. మందం మారినప్పుడు బయటి స్పేసర్లలో ఆ మిల్లీమీటరును తగ్గించుకోవాలి. నాకు వచ్చిన హబ్బులో రెండు వైపులా 6202, క్యారియర్‌లో 6203. 35 బయటి వ్యాసానికి 12 రంధ్రంతో మామూలుగా దొరికే బేరింగు లేదు. 6300 ఉంది గానీ దాని రంధ్రం 10. కాబట్టి బేరింగులు అవే ఉంచి మెట్టు బుష్‌లు చేయించడమే దారి.

మెట్టు బుష్ అంటే టోపీ ఆకారం. ముక్కు బయటి వ్యాసం 15, లోపలి రంధ్రం 12, వెనక భుజం. ముక్కు బేరింగు రంధ్రంలోకి పోతుంది, భుజం బేరింగు లోపలి రింగును నొక్కుతుంది. గోడ మందం 1.5 మి.మీ. మాత్రమే కాబట్టి అల్యూమినియం పనికిరాదు, ఉక్కే కావాలి. ముక్కు 14.98 నుంచి 15.00 మధ్య తీయించాలి, చేత్తో తోస్తే పోవాలి, ఆడకూడదు. రంధ్రం 12.05. భుజం వ్యాసం 6202కి 21 మి.మీ. దాటనివ్వకండి, దాటితే అది లోపలి రింగుతో పాటు సీలు రేకును కూడా నొక్కుతుంది. ముక్కు పొడవు బేరింగు మందం కన్నా 3 మి.మీ. ఎక్కువ పెట్టించాను, అంటే 14. ఆ 3 మి.మీ. లోపలి గొట్టంలోకి దూరి దాన్ని నడిమిలో పట్టుకుంటుంది. లేకపోతే 15 రంధ్రం గొట్టం 12 యాక్సిల్ మీద కిందికి జారి, బేరింగు రింగు అంచును ఒక పక్కే నొక్కుతుంది.

బుష్‌లు ఎన్ని, ఎక్కడెక్కడ అన్నది యాక్సిల్ మీద వరస రాసుకుంటే పొరపాటు జరగదు. బ్రేకు వైపు నుంచి: స్వింగ్ ఆర్మ్ చెవి, 14 మి.మీ. స్పేసరు, బ్రేకు ప్లేటు బాస్ (లోపల దాని బుష్‌తో), మెట్టు బుష్, హబ్బు బేరింగు, లోపలి గొట్టం, రెండో హబ్బు బేరింగు, క్యారియర్ బుష్, దాని మీద క్యారియర్ బేరింగు, 24 మి.మీ. స్పేసరు, అవతలి చెవి. క్యారియర్ బుష్‌కు మూడు వ్యాసాలు: 6203 రంధ్రంలో కూర్చునే 17, హబ్బు బేరింగులోకి పోయే 15 ముక్కు, రెంటి మధ్య రెండు బేరింగుల రింగులకూ ఆనే భుజం. ఈ భుజం మందం సొంత బుష్‌ది ఎంతో అంతే ఉండాలి. అది తగ్గితే క్యారియర్ లోపలికి పోయి డంపరు రబ్బర్లను హబ్బుకు నొక్కుతుంది, చక్రం తిప్పినప్పుడు రబ్బరు కిర్రుమంటుంది. పెరిగితే రబ్బర్లు వదులై, క్లచ్చు వదిలినప్పుడల్లా చైను దగ్గర దెబ్బ వినబడుతుంది.

బ్రేకు ప్లేటు బాస్ రంధ్రం కూడా 15దే. దీనికి బుష్ మర్చిపోతే ప్లేటు 1.5 మి.మీ. కిందికి వాలి, షూలు డ్రమ్ములో ఒక పక్కే రాస్తాయి. బ్రేకు పట్టిపట్టి వదిలినట్టు ఉంటే ముందు అనుమానించాల్సింది ఈ బుష్‌నే.

బేరింగులు దింపడం

హబ్బును దాదాపు 100 డిగ్రీల వరకు వేడి చేస్తే అల్యూమినియం పెరిగి బేరింగు సుత్తి లేకుండానే జారుతుంది. కొట్టాల్సి వస్తే బయటి రింగు మీదే కొట్టాలి. లోపలి రింగు మీద దెబ్బ పడితే గుండ్లు గాడిలో గుంటలు పెడతాయి, ఆ శబ్దం కొన్నాళ్లకు బయటపడుతుంది. ఒక బేరింగు సీటు అడుగు వరకు దింపి, గొట్టం పెట్టి, రెండోదాన్ని గొట్టానికి తగిలే వరకు మాత్రమే దింపాలి. గొట్టం రెండు సీట్ల మధ్య దూరం కన్నా వెంట్రుకంత, అంటే 0.1 మి.మీ. పొడవు ఉండడం మంచిది. పొట్టిదైతే నట్టు బిగించగానే రెండు లోపలి రింగులూ ఒకదాని వైపు ఒకటి లాగుకుంటాయి, బేరింగు వేడెక్కి పోతుంది. గొట్టం మొత్తానికే లేకుండా నడుపుతున్న బండ్లు చూశాను, వాటి బేరింగులు ఎందుకు నిలవవో యజమానులకు అర్థం కాదు.

నట్టు బిగించక ముందు, బిగించాక చక్రం తిప్పి పోల్చడమే దీనికి పరీక్ష. రెండుసార్లూ ఒకేలా తిరగాలి. బిగించాక బరువెక్కితే వరసలో ఏదో ఒకటి పొట్టిగా ఉంది, లేదా ఏదో భుజం సీలును నొక్కుతోంది.

బ్రేకు ప్లేటుకు ఆధారం

ఈ పనిలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదొక్కటే. బ్రేకు వేయగానే షూలు డ్రమ్మును పట్టుకుంటాయి, ప్లేటు చక్రంతో పాటు తిరగబోతుంది. దాన్ని ఆపేది టార్కు రాడ్డు. ఎంత బలం పడుతుందో లెక్క వేయండి: బ్రేకు వేసినప్పుడు వెనక చక్రం మీద 100 కిలోల బరువు ఉందనుకుంటే, రోడ్డు పట్టు 0.7 అయితే టైరు దగ్గర దాదాపు 700 న్యూటన్లు. టైరు సగం వ్యాసం 0.3 మీటర్లు, అంటే 210 న్యూటన్ మీటర్ల తిప్పుడు. ప్లేటు మీద రాడ్డు రంధ్రం యాక్సిల్ నుంచి 75 మి.మీ. దూరంలో ఉంటే రాడ్డు మీద 2800 న్యూటన్లు, దాదాపు 285 కిలోల లాగుడు. తీగతో, పలచటి పట్టీతో, సైలెన్సర్ క్లాంపుతో ఆగేది కాదు. ఊడితే ప్లేటు ఒక్క చుట్టు తిరిగి బ్రేకు రాడ్డును యాక్సిల్‌కు చుట్టేస్తుంది, చక్రం అక్కడికక్కడే బిగుసుకుంటుంది.

ప్లేటు కింది భాగానికి రాడ్డు కట్టి ముందుకు తీసుకెళ్తే, బ్రేకు వేసినప్పుడు రాడ్డు లాగబడుతుంది. పై భాగానికి కడితే నొక్కబడుతుంది, పొడవాటి సన్న రాడ్డు వంగిపోతుంది. కాబట్టి కిందే కట్టాలి. పాత స్వింగ్ ఆర్మ్ కింద రాడ్డు లగ్గు ఉంది, రెండు బండ్ల రాడ్డు పొడవులు మాత్రం కలవలేదు. పాత రాడ్డును కోసి వెల్డింగు చేయడం కన్నా కొత్తది కోయించడం మేలు: 6 మి.మీ. మందం, 25 మి.మీ. వెడల్పు ఉక్కు పట్టీ, రెండు చివర్లా ఎం8 బోల్టులు 8.8 గ్రేడువి, ఒక్కోదానికి కాటర్ పిన్ను. రంధ్రాల మధ్య దూరం తీసేటప్పుడు యాక్సిల్ గాడిలో మధ్యన ఉండాలి. అప్పుడు చైను బిగింపు అటూ ఇటూ మారినా ప్లేటు కొద్దిగా తిరుగుతుందే గానీ రాడ్డు పట్టుకోదు. బోల్టు లూజుగా తిరిగేలా ఉండాలి, ఆట ఉండకూడదు.

చక్రం వచ్చిన బండిలో రాడ్డు బదులు ప్లేటు గాడిలో దూరే ముక్క స్వింగ్ ఆర్మ్‌కే ఉంటే, అలాంటి ముక్కను ఈ స్వింగ్ ఆర్మ్‌కు వెల్డింగు చేయాలి. ఆ పని చేసే చేయి మంచిదైతే తప్ప చేయించకండి. వెల్డింగు పక్కన గొట్టం పలచబడితే అక్కడే పగులుతుంది.

బ్రేకు ఆర్మ్‌ను స్ప్లైన్ మీద తీసి, బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు ఆర్మ్‌కూ బ్రేకు రాడ్డుకూ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా వచ్చే పంటిలో పెట్టాలి. వదిలినప్పుడు 90 కన్నా కొంచెం తక్కువే ఉంటుంది. పెడల్ ఖాళీ కదలిక 20 నుంచి 30 మి.మీ.

గేరింగు లెక్క

పాత టైరు వ్యాసం దాదాపు 617 మి.మీ., కొత్తది 594. చుట్టుకొలత దాదాపు 3.7 శాతం తగ్గింది. పాత బండి 14 బై 40 పళ్లు (ముందు 14, వెనక 40), అంటే నిష్పత్తి 2.857. అదే వేగానికి అవే చుట్లు కావాలంటే కొత్తది 2.75 కావాలి. చక్రంతో వచ్చిన స్ప్రాకెట్టు 44 పళ్లది. దాన్ని అలాగే 14తో నడిపితే ఇంజను 14 శాతం ఎక్కువ తిరుగుతుంది, ఎత్తు ఎక్కడం బాగుంటుంది గానీ పెద్ద రోడ్డు మీద చెవి నొప్పి. 16 బై 44 సరిగ్గా 2.75 వస్తుంది, కానీ 16 పళ్ల చుట్టూ చైను ఈ ఇంజను కేసులో పట్టదు. 15 బై 41 పెట్టాను, 2.733. తేడా ఒక శాతం కూడా లేదు. స్పీడోమీటరు ముందు చక్రం నుంచి నడిచే బండి కాబట్టి దాని లెక్క మారదు. గేరుబాక్సు నుంచి తీసుకునే బండి అయినా, మొత్తం నిష్పత్తి నిలబెట్టాక తేడా తెలియనంతే.

చైను పాతది వాడొద్దు. కొత్త స్ప్రాకెట్టు పళ్లను సాగిన చైను నాలుగు రోజుల్లో కొక్కేల్లా చేస్తుంది.

బిగించి తిన్నగా చూడడం

స్వింగ్ ఆర్మ్ మీద గీతలను నమ్మకుండా, పైవట్ నడిమి నుంచి యాక్సిల్ నడిమి వరకు రెండు వైపులా కొలవాలి, తేడా 1 మి.మీ. లోపు ఉండాలి. తర్వాత పైపు ఆనించడం. ముందు టైరు 74 మి.మీ., వెనకది 90 అయితే వెనక టైరుకు ఆనించిన పైపుకూ ముందు టైరుకూ మధ్య రెండు వైపులా 8 మి.మీ. చొప్పున ఖాళీ రావాలి. ఒక వైపు 5, ఇంకో వైపు 11 వస్తే చక్రం 3 మి.మీ. పక్కకు ఉందని అర్థం. చైను లైనుకు, వెనక స్ప్రాకెట్టు పక్కముఖానికి తిన్నటి పట్టీ ఆనించి ముందు స్ప్రాకెట్టు వరకు చూడాలి. 1 మి.మీ. లోపు తేడా ఒప్పుకోవచ్చు. తేడా ఉంటే కొన్ని రోజులకు స్ప్రాకెట్టు పళ్ల ఒక పక్క మాత్రం మెరుస్తుంది, అది చూసి కూడా చెప్పొచ్చు.

చైను ఆట బండి మీద మనిషి కూర్చోకుండా 25 నుంచి 30 మి.మీ. యాక్సిల్ నట్టు 12 మి.మీ.కు 50 నుంచి 60 న్యూటన్ మీటర్లు. బ్రేకు పెడల్ నొక్కి పట్టుకుని నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము నడిమికి సర్దుకుంటాయి.

చక్రం చిన్నదైనందువల్ల వచ్చేవి

వెనక దాదాపు 12 మి.మీ. దిగింది. సైడు స్టాండు మీద బండి ఇప్పుడు కొంచెం నిటారుగా నిలబడుతుంది, గాలికీ చిన్న తోపుకూ అవతలికి పడే ప్రమాదం ఉంది. స్టాండు కొన నుంచి 8 మి.మీ. తీసి అడుగు రేకు మళ్లీ అతికించాక సరిపోయింది. సెంటర్ స్టాండు వేయడం బరువెక్కింది, చక్రం నేల నుంచి ఇంకా ఎత్తున ఉంటుంది. వీల్‌బేస్ (రెండు యాక్సిళ్ల మధ్య దూరం) 1250 మి.మీ. మీద 12 మి.మీ. దిగితే ముందు ఫోర్కు దాదాపు అర డిగ్రీ వెనక్కి వాలుతుంది. హ్యాండిల్ మలుపులో రవ్వంత బరువుగా, తిన్నటి రోడ్డు మీద నిలకడగా అనిపిస్తుంది. నాకు అభ్యంతరం లేదు. వద్దనుకునేవాళ్లు ఫోర్కు గొట్టాలను ట్రిపుల్ క్లాంపులో (వాటిని హ్యాండిల్ కింద పట్టే బిగింపులో) 10 మి.మీ. పైకి జరుపుకోవచ్చు, అయితే ఫోర్కు పూర్తిగా నొక్కినప్పుడు ముందు మడ్‌గార్డు కింది క్లాంపుకు తగలదని చూసుకున్నాకే.

వెనక మడ్‌గార్డు లోపలికి పొడుచుకొచ్చిన బోల్టుల కొనలు 90 వెడల్పు టైరుకు దగ్గర పడతాయి. వెనక షాకులు విప్పి చక్రాన్ని పైకెత్తి, చివరి వరకు ఎక్కడా తగలడం లేదని కళ్లతో చూడాలి. బోల్టులను తిప్పి తలలు టైరు వైపుకు, నట్టులు పైకి పెట్టడంతో 6 మి.మీ. కలిసొచ్చింది.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత చైను, స్ప్రాకెట్టు నట్టులు, టార్కు రాడ్డు బోల్టులు, యాక్సిల్ నట్టు అన్నీ స్పానరు పెట్టి చూడాలి. కొత్త బుష్‌లు ముఖాముఖి సర్దుకున్నప్పుడు యాక్సిల్ నట్టు కొద్దిగా వదులవుతుంది, అది మామూలే. నడిపి ఆపిన వెంటనే హబ్బు రెండు వైపులా చేయి పెట్టి చూడండి. బ్రేకు వాడని దారిలో కూడా ఒక వైపు వేడిగా ఉంటే షూలు రాస్తున్నాయో, ఆ వైపు బేరింగు మీద ఒత్తిడి పడుతోందో తేల్చుకోవడానికి బ్రేకు రాడ్డు వదులు చేసి ఇంకోసారి అంతే దూరం నడపాలి. అప్పుడూ వేడెక్కితే యాక్సిల్ తీసి బుష్ భుజాలు కొలవండి.